తాబేలు పిల్ల నడిచిన ఇరవై అడుగులు

విశాఖ చూసి ఊరికొచ్చి మూడు రోజులైంది. బ్యాగు దులిపినప్పుడల్లా ఇంకా ఇసుక రాలుతూనే ఉంది. మరిచిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా పిల్లలకు ఇసుకంటే పెన్నలో ఇసుకే. ఏటి నిండా ఇసుక, ఎక్కడో మధ్యలో సన్నటి నీటి పాయ. సముద్రాన్ని ఇద్దరూ టీవీలో చూడటమే. మొన్న సంక్రాంతికి మా ఆడబిడ్డ ఫోన్లో చింటూ ఒక వీడియో చూశాడు. డాల్ఫిన్ నీళ్ళలోంచి ఎగిరి రింగులోంచి దూకుతోంది, చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే పాట: ఎండాకాలం సెలవులకు డాల్ఫిన్ పార్కు. మన దేశంలో అలాంటి ఆట లేదనీ, వినోదం కోసం డాల్ఫిన్లను బంధించే చోట్లకు అనుమతి ఇవ్వొద్దని 2013లో కేంద్ర పర్యావరణ శాఖ రాష్ట్రాలకు చెప్పిందనీ వాడికి వివరించాను. రెండో తరగతి పిల్లాడికి అది ఎక్కలేదు. ఈలోగా వాళ్ళక్క హారిక, వైజాగులో డాల్ఫిన్స్ నోస్ అనే కొండ ఉందని తన పుస్తకంలో చూపించింది. "ముక్కు ఉందంటే మిగతా డాల్ఫిన్ కూడా ఉంటుంది కదమ్మా" అన్నాడు వాడు.

అలా కుదిరింది ప్రయాణం. నేను, మావారు, పిల్లలిద్దరు, మా అత్త. కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖలో దిగాం.

ఏప్రిల్ 25: ఆర్‌కే బీచ్, మత్స్యదర్శిని

లాడ్జిలో సామాన్లు పడేసి, సాయంత్రం దాకా ఆగకుండా పదింటికే బీచ్ రోడ్డుకు ఆటో మాట్లాడాం. రెండొందలు అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. మా అత్త కాళ్ళు చూసి మెట్లకు ఆనించి మరీ ఆపాడు. "మెల్లగ దిగండమ్మా, తొందరేటి లేదు" అన్నాడు. ఆ "ఏటి" అనే మాట పిల్లలకు ఎంత నచ్చిందో! నాలుగు రోజులూ ఇద్దరూ ఒకరినొకరు "ఏటి, ఏటి" అని పిలుచుకుంటూనే ఉన్నారు.

రోడ్డు వంపు తిరగ్గానే ఎడమ నుంచి కుడి దాకా నీళ్ళు. చింటూ ఏమీ అనలేదు. మా అత్త మాత్రం చెప్పులు విప్పి, ఆ కాలే ఫుట్‌పాత్ మీదే నిలబడి రెండు చేతులూ జోడించింది. "మన పెన్నమ్మ వచ్చి కలిసేది ఈ తల్లిలోనే గదా" అంది. పెన్న కలిసేది ఇక్కడికి ఎంతో దూరంలో, నెల్లూరు అవతల ఊటుకూరు దగ్గర. అయినా సముద్రం ఒక్కటే కాబట్టి ఆమె చెప్పింది నిజమే.

మత్స్యదర్శిని అనే అక్వేరియం బీచ్ రోడ్డు మీదే ఉంది. చిన్నదే. వీడియోల్లో చూసే విదేశాల అక్వేరియంలను మనసులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు అరగంటలో బయటికొస్తారు. మేం రెండు గంటలకు పైగా ఉన్నాం, అదంతా మా అత్త వల్లే.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. వరసగా గాజు తొట్లు. లయన్ ఫిష్ అనే చేప రెక్కలన్నీ విప్పుకుని, పెళ్ళిలో కొత్త చీర కట్టుకున్న మనిషిలా నిదానంగా తిరుగుతోంది. ఆ రెక్కల ముళ్ళలో విషం ఉంటుందని హారిక చెప్తే చింటూ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో తొట్టిలో రాళ్ళ సందులోంచి మోరే ఈల్ అనే పాములాంటి చేప తల బయట పెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కరవడానికి వస్తోందేమో అనుకున్నాం. కాదు, అది ఊపిరి పీల్చుకునే తీరే అంత. నోరు తెరిస్తేనే నీళ్ళు లోపలికి పోయి మొప్పల గుండా బయటికి వస్తాయి. ఆ సంగతి తెలిశాక దాన్ని చూస్తే భయం పోయి, ఆయాసపడే ముసలివాళ్ళను చూసినట్టనిపించింది.

నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ దగ్గర చింటూ ఆగిపోయాడు. "దీనికి ఈ తొట్టి చాలదా జేజీ?" అని అడిగాడు.

మా అత్త అక్కడే బల్ల మీద కూర్చుని మత్స్యావతారం మొదలుపెట్టింది. సత్యవ్రతుడనే రాజు ఏట్లో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. పెద్ద చేపలు మింగేస్తాయి, నన్ను కాపాడు నాయనా అంది. కమండలంలో వేసి ఇంటికి తెచ్చాడు. తెల్లారేసరికి కమండలం నిండిపోయింది. గోళెంలో వేశాడు, గోళెం చాల్లేదు. చెరువులో వేశాడు, చెరువూ చాల్లేదు. "నాకు చోటు చాల్లేదు రాజా, చోటు చాల్లేదు" అని చేప అనే చోట మా అత్త గొంతు మార్చి చెప్తుంది. మావారు చిన్నప్పుడు ఆ మాట కోసమే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారట. కథ సగానికి వచ్చేసరికి మాకు తెలియని పిల్లలు ఏడెనిమిది మంది చుట్టూ చేరారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక తల్లి "ఇంకోపాలి సెప్పండమ్మా, మా గుంట ఇప్పుడే వచ్చింది" అని అడిగింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

చివరికి రాజు చేపను సముద్రంలో వదిలాడు అనగానే చింటూ లేచి నిలబడ్డాడు. "అయితే ఆ వీడియోలో డాల్ఫిన్‌కి ఆ కొలను చాలుతుందా?" అన్నాడు. మావారు నా వైపు చూశారు. నేను మా అత్త వైపు చూశాను. ఆమె వాడి తల నిమిరి, "నువ్వే చెప్పు అబ్బీ" అంది. వాడు చెప్పలేదు. మళ్ళీ ఆ చేప దగ్గరికి వెళ్ళి గాజుకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

సాయంత్రం ఇసుకలో ముంత మసాలా తిన్నాం, పొట్లం ముప్పై రూపాయలు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, మీద నిమ్మకాయ పిండుతారు. మా ఊరి బొరుగుల మసాలాకు చుట్టమే గానీ కారం తక్కువ. నీళ్ళలో మోకాళ్ళు దాటి వెళ్తే విజిల్ ఊదుతున్నారు. అది విని తీరాలి. ఆర్‌కే బీచ్ దగ్గర అల చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. నా చెయ్యి పట్టుకున్న చింటూను ఒక్క అల అలా లాగింది. ఇక ఆ చెయ్యి వదల్లేదు నేను.

ఏప్రిల్ 26: చేపల రేవు

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్తే బోట్లలోంచి చేపలు దించడం చూడొచ్చని లాడ్జిలో ఎవరో చెప్పారు. ఐదింటికి లేపాం పిల్లల్ని. ఆటో అబ్బాయి కొత్తవాడు, పోర్టు గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడి కాపలా మనిషి వెనక్కి తిప్పి దారి చెప్పాడు. మొత్తానికి హార్బరు చేరేసరికి ఎండ వచ్చేసింది.

చూస్తే బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. కదలిక లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. అరవై ఒక్క రోజులు. మాకు ఈ సంగతి గుర్తే లేదు. పిల్లలు నీరసపడ్డారు.

కానీ నాకు ఆ ఉదయమే ఎక్కువ గుర్తుంది. షెడ్డు నీడలో పది మంది దాకా కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. కాలి బొటనవేలికి వల తగిలించి బిగించి, చేతిలో దారం చుట్టిన చిన్న బద్దతో ముడి మీద ముడి. కళ్ళు వల మీద లేవు, మా మీద ఉన్నాయి, చెయ్యి మాత్రం తప్పడం లేదు. ఒక పెద్దాయన పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏ ఊరు బావూ?"

"ప్రొద్దుటూరు" అన్నాడు చింటూ. "ఇక్కడ డాల్ఫిన్లు ఉంటాయా?"

"ఉంటాయి. లోనికెల్తే బోటు ముందర పరిగెడతాయి. మనం పిలిస్తే రావు. ఆటికి బుద్ధి పుట్టాల."

చింటూ దానికి ఎన్ని ప్రశ్నలు వేశాడో! ఎంత దూరం వెళ్తే, ఎన్ని ఉంటాయి, ఏమంటాయి. ఆయన అన్నింటికీ ఓపిగ్గా చెప్పాడు. తాబేళ్ళ గురించి ఆయనే తీశాడు. తాబేలు నీళ్ళలోనే బతికినా ఊపిరికి పైకి రావాల్సిందే. పెద్ద బోటు అడుగున వల వేసి గంటలకొద్దీ లాగుతుంటే అందులో చిక్కిన తాబేలుకు పైకొచ్చే దారి ఉండదు. వల తీసేసరికి చచ్చిపోయి ఉంటుంది. "బతికుంటే వల కోసైనా వదిలేస్తాం. గంగమ్మ బిడ్డ అది. సచ్చిపోతే మాత్రం ఆ రోజంతా మనసు బాగోదు" అన్నాడు. 2023 నవంబరులో ఇదే రేవులో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఆ రాత్రి సంగతి మావారు అడిగితే పెద్దాయన ముడి వేయడం ఆపాడు. కాసేపు ఊరుకుని, "మళ్ళీ కట్టుకున్నాం" అని మళ్ళీ వల అందుకున్నాడు.

మరబోట్లు ఆగినా తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చిన చేప కొంచెం ఉంది. అందుకే ధర మండిపోతోంది. కోనాం కిలో తొమ్మిదొందలు చెప్పింది ఒకామె. మేం వంజరం అనే చేపను ఇక్కడ కోనాం అంటారు. బోణీ బేరమమ్మా అని బతిమాలింది. లాడ్జిలో వండుకునే వీలు లేదన్నాం. కోప్పడకుండా తనే ఒక మెస్‌కు దారి చెప్పింది. నాలుగు బల్లలున్న మెస్. మామిడికాయ వేసిన నెత్తళ్ళ పులుసు, పీతల ఇగురు, అన్నం. ఐదుగురికి వెయ్యీ నలభై అయింది. నెత్తళ్ళు వేలెడు కూడా ఉండవు, ముల్లుతో సహా నమిలెయ్యొచ్చు. మా వైపు చింతపండు పులుపుకు అలవాటు పడ్డ నాలుకకు ఆ పచ్చి మామిడి పులుపు కొత్తగా ఉంది. నిన్న శనివారం కాబట్టి మాంసం ముట్టని మా అత్త ఇవాళ పులుసు రెండోసారి వేయించుకుంది. వడ్డించే అమ్మాయి "ఇంకొంచెం ఏస్తానమ్మా" అంటే ఎవరూ వద్దనలేకపోయాం.

ఏప్రిల్ 27: రాళ్ళ మధ్య

సబ్‌మెరైన్ చూద్దామని వెళ్ళాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కుర్సురా అది, ఇప్పుడు బీచ్ ఒడ్డునే మ్యూజియం. సోమవారం సెలవు. ముందే కనుక్కోవాల్సింది. బయటి నుంచే ఫొటో తీసుకుని ఆటోలో ఉత్తరం వైపు జోడుగుళ్ళపాలెం దాకా వెళ్ళాం. దారిలో మావారికి ముంజలు కనిపించాయి. డజను ఎనభై. బండి దగ్గరే నిలబడి, ముంజలో నీళ్ళు చొక్కా మీద పడకుండా బొటనవేలితో పొడిచి జుర్రడం చింటూకు నేర్పించారు.

జోడుగుళ్ళపాలెం దగ్గర ఇసుక తగ్గి రాళ్ళు మొదలవుతాయి. ఆటు సమయం. నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళ గుంటల్లో మాత్రం నిలిచాయి. జంతుశాస్త్రం చదువుతున్న ఒక కాలేజీ అమ్మాయి నోట్సు పట్టుకుని గుంటగుంటకీ వంగి చూస్తోంది. హారిక సిగ్గుపడుతూనే దగ్గరికి వెళ్ళింది. పది నిమిషాల్లో మేమందరం ఆమె వెనకే.

తడి రాయి మీద అడుగు పెట్టేముందు చూసుకోవాలి, పాచి ఉన్నచోట జారుతుంది, ప్రాణం ఉన్నచోట తొక్కకూడదు. ప్రాణం ఎక్కడ ఉందో మాకేం తెలుసు? రాయికి అంటుకున్న తెల్లటి గరుకు చుక్కలు బార్నకిల్సట, ఒక్కొక్కటి ఒక్కో జీవి. గుంట అడుగున ఆకుపచ్చ పువ్వులా ఉన్నది ఎనిమోన్, పువ్వు కాదు, జంతువు. నీడ పడగానే రేకులన్నీ ముడుచుకుంది. మత్స్యదర్శినిలో క్లౌన్ ఫిష్ వెనక చూసిన మెత్తని కుచ్చు దీని చుట్టమేనని హారిక పోల్చుకుంది.

చింటూ ఒక శంఖాన్ని ఎత్తి జేబులో వేసుకున్నాడు. బొటనవేలంత ఉంటుంది, లేత గోధుమ రంగు గీతలు. ఆ అమ్మాయి గదమాయించలేదు. "ఒక్కసారి అరచేతిలో పెట్టుకుని కదలకుండా ఉండు" అంది. పెట్టుకున్నాడు. ఏమీ కాలేదు. మేమూ ఊపిరి బిగబట్టాం. శంఖం మూతి దగ్గర ముందు రెండు సన్నటి మీసాలు కనపడ్డాయి. తర్వాత ఆవగింజల్లాంటి కళ్ళు, కాడల చివర. తర్వాత ఎర్రటి కాళ్ళు ఒకటొకటిగా వాడి అరచేతి మీద ఆనాయి. సన్యాసి పీత. దీని వెనక భాగం మెత్తన, సొంత పెంకు ఉండదు. ఖాళీ శంఖం వెతుక్కుని అందులో కాపురం. ఒళ్ళు పెరిగితే ఆ ఇల్లు చాలదు, ఇంకో పెద్ద శంఖం వెతుక్కోవాలి. మనం ఒడ్డున ఏరుకొచ్చే ప్రతి ఖాళీ శంఖం దానికి ఒక ఇల్లు తక్కువ.

"సత్యవ్రతుడి చేప" అన్నాడు చింటూ.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మా అత్త మూడోసారి ఆ కథ చెప్పింది, ఈసారి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రాయి మీద కూర్చుని. పోటు మొదలై గుంటలు నిండుతుంటే వెనక్కి వచ్చేశాం. చింటూ జేబులు రెండూ తిరగేసి చూపించాడు నాకు, ఖాళీ.

ఏప్రిల్ 28: తాబేళ్ళ గూళ్ళు

తాబేళ్ళ పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారని, ఇంకా కొన్ని గూళ్ళు మిగిలే ఉన్నాయని ఆ కాలేజీ అమ్మాయే చెప్పింది. నాలుగున్నరకే తీరంలో ఉన్నాం. అటవీ శాఖ వాళ్ళు వల, వెదురు కర్రలతో దడి కట్టిన చోటు. లోపల ఇసుకలో వరసగా గూళ్ళు, ఒక్కోదాని దగ్గర చిన్న చీటీ మీద తేదీ, గుడ్ల లెక్క. కాపలా ఉన్నాయన పక్క పల్లె జాలరి. చలికాలం చివర్లో తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుంట తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఒంటిపూట కూడా ఆగదు, పిల్లల్ని చూడదు. తెల్లారేలోగా కుక్కలూ నక్కలూ గుంట తవ్వేస్తాయి. అందుకని వీళ్ళు రాత్రంతా తీరం వెంట నడిచి, జాడ పట్టుకుని, గుడ్లను జాగ్రత్తగా తెచ్చి ఇక్కడ పూడుస్తారు. నలభై ఐదు నుంచి అరవై రోజులు పడుతుంది పొదగడానికి. ఇసుక బాగా వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతారని ఆయన చెప్తే మా అత్త నమ్మలేదు. హారిక అది నిజమేనని సైన్సు టీచరు చెప్పినట్టు చెప్పింది.

పిల్లలు పైకి వచ్చేముందు గూడు మీద ఇసుక కాస్త కుంగుతుందట. మేం వెళ్ళేసరికే ఒక గూడు కుంగి, దాని మీద బుట్ట బోర్లించి ఉంది. బుట్ట ఎత్తితే నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ దిగుతూ. ఒక్కోటి మా చింటూ అరచేతిలో సగం ఉంటుంది.

ఆయన ముందు ఒక చెక్కతో ఇసుకను చదును చేశాడు. మనుషుల అడుగుల గుంట కూడా వాటికి బావి లాంటిదే. తర్వాత అడ్డంగా గీత గీసి "ఈ గీత దాటకూడదు, ఫోన్ లైటు ఎయ్యకూడదు" అన్నాడు. నీళ్ళ దాకా ఇరవై అడుగులు ఉంటుంది. నేరుగా నీళ్ళలో వదిలేస్తే ఏం అని మావారు అడిగారు. ఆ ఇసుక మీద అది నడవాలండి, ఈ ఒడ్డు దానికి తెలియాల, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఈ ఒడ్డుకే వస్తాది అన్నాడాయన.

బుట్ట వంచాడు. కాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఒకటి తల ఎత్తింది. అవతల ఆకాశం కొంచెం తెల్లబడింది, అవి ఆ వెలుతురు వైపే తిరిగాయి. వెనక రోడ్డు మీద దీపాలు వెలుగుతుంటే కొన్ని అటు తిరిగే ప్రమాదం కూడా ఉందట. తెడ్లలాంటి నాలుగు కాళ్ళతో ఇసుకను వెనక్కి తోస్తూ, రెండడుగులు వేసి ఆగి, మళ్ళీ రెండడుగులు. ఆగినప్పుడల్లా తల కింద ఆనించి పడుకుంటాయి. మళ్ళీ లేస్తాయి.

ఒకటి వెల్లకిలా పడింది. చింటూ గీత మీద ముందుకు వంగాడు. "అంకుల్, అది పడిపోయింది."

"చూడు బావూ. అదే లెగుస్తాది."

తెడ్లు గాల్లో కొట్టుకున్నాయి. మెడ వెనక్కి వంచి ఇసుకలో ఆనించి తోసింది, జారింది. మళ్ళీ తోసింది. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి పక్కకు ఒరిగి బోర్లా పడింది. ఒక్క క్షణం కూడా ఆగకుండా నడక మొదలుపెట్టింది. అల వచ్చి దాన్ని ఎత్తి నాలుగడుగులు వెనక్కి పడేసింది. మళ్ళీ నడిచింది. రెండో అల తీసుకెళ్ళింది. నురగ తగ్గాక చూస్తే లేదు.

మేం ఎవరమూ మాట్లాడలేదు. వెయ్యిలో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు కదా అని నేను మెల్లగా అడిగాను. ఆయన తల ఊపాడు. చీకట్లో కళ్ళద్దాలు సరిచేసుకుని నోట్‌బుక్ తీసి గూడు లెక్క రాసుకున్నాడు: గుడ్లు 112, పిల్లలు 94. చింటూ ఆ పేజీ చూపించమని అడిగి, చివరి గీత దాకా చదివాడు. సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తుంటే దక్షిణం వైపు కొండ నల్లగా కనపడింది. అదే డాల్ఫిన్స్ నోస్ అని మావారు చూపించారు. వాడు ఒకసారి అటు చూసి, "సరే" అని, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగి ఆ కాపలా ఆయనను అడిగాడు.

"ఆ పడిపోయినది ఆడదైతే ఎప్పుడొస్తుంది?"

"పది పదిహేనేళ్ళు పడతాది."

వాడు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. వేళ్ళు చాలక వాళ్ళక్క చేతులు కూడా అడిగి తీసుకున్నాడు.